రెండు వేల ఐదు వందల ఇరవై చిలుకలు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ధూమ్రకేశుడనే మాంత్రికుడు హేమలేఖ అనే రాజకుమారిని ఎత్తుకుపోయి దాచాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. మూడోవాడు సుధన్వుడు, "అన్నలిద్దరినీ తీసుకునే వస్తాను నాన్నగారూ" అని బయలుదేరాడు.

దారిలో వలలో చిక్కిన ఒక డేగను విడిపించాడు. అది అతణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. "బాబూ, మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. దాన్ని బంగారు పంజరంలో పెట్టి పక్కనే ఉంచుకుంటాడు" అంది.

సుధన్వుడు నవ్వి, "అయితే వాడి కోట మీద కాసేపు చక్కర్లు కొట్టు" అన్నాడు.

డేగను చూడగానే మాంత్రికుడి గుండె ఝల్లుమంది. పంజరం తెరిచి ప్రాణచిలుకను తన మాయచిలుకల గుంపులో కలిపేశాడు. ఇన్నింటిలో ఎవడు కనిపెడతాడులే అని ధీమా.

సుధన్వుడు సభలోకి వచ్చాడు. గుమ్మం పక్కన రెండు రాతిబొమ్మలు. అన్నలే! గుర్తుపట్టినట్టు పైకి కనబడనివ్వలేదు.

"నా చిలుకలు రెండు వేల ఐదు వందల ఇరవై" అన్నాడు మాంత్రికుడు మీసం మెలేస్తూ. "పదిలోపు ఏ సంఖ్య అయినా చెప్పు. వరసకు అన్నేసి కూర్చుంటాయి. ఒక్కటి మిగిలినా రాజకుమారి నీది. మిగలకపోతే నువ్వూ మీ అన్నల పక్కన రాయివే!"

ఎంత గడుసువాడో చూశారా! ఆ సంఖ్యను రెండుతో భాగించండి, ఏడుతో భాగించండి, పదితో భాగించండి, శేషం సున్నాయే. ఒకటి నుంచి పది దాకా అన్నిటికీ లొంగే సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నది. అన్నలు అక్కడే దెబ్బతిన్నారు. కానీ ఇప్పుడు గుంపులో ఒక చిలుక ఎక్కువుంది కదా! భయంలో మాంత్రికుడు ఆ మాటే మరిచిపోయాడు. ఖాళీ పంజరం చూసిన సుధన్వుడికి మాత్రం అర్థమైంది.

"ఏడేసి" అన్నాడు.

మాంత్రికుడు చప్పట్లు కొట్టాడు. మాయచిలుకలకు ఆకలి ఎక్కడిది? రివ్వున వచ్చి కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం జామపండు కొరుక్కుంటూ తీరిగ్గా వచ్చింది. దానికి చోటు లేదు.

"లెక్క తప్పింది! మళ్లీ అడుగు!" అని అరిచాడు మాంత్రికుడు.

"ఎనిమిదేసి." మళ్లీ అదే మిగిలింది.

"తొమ్మిదేసి." మళ్లీ అదే! సుధన్వుడు చెయ్యి చాచి దాన్ని ఒడుపుగా పట్టుకున్నాడు. "మిగిలిందండీ, మాంత్రికులవారూ!"

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "బాబ్బాబు, మెడ నొక్కకు!"

"నొక్కను. మా అన్నలను లేపు. హేమలేఖను విడిచిపెట్టు. ఇక మంత్రాలు మానేసి, మా ఇంట్లో ఈ చిలుకకు కాపలా కాసుకో."

రాతిబొమ్మలు కదిలాయి. పెద్దన్న కళ్లు తెరిచి, ఎదురుగా తమ్ముణ్ణి చూసి, "ఏ సంఖ్యా చెప్పకురా, పారిపో!" అని కేకపెట్టాడు. అంతసేపూ నిబ్బరంగా ఉన్న సుధన్వుడు అప్పుడు అన్న మెడ పట్టుకుని ఏడ్చేశాడు.

ఇంటికి రాగానే ముసలిరాజు ముగ్గురినీ తడిమి తడిమి చూసుకున్నాడు. హేమలేఖకూ సుధన్వుడికీ ఆకాశమంత పందిరి వేసి పెళ్లి చేశాడు. వాళ్లు చాలాకాలం చల్లగా రాజ్యం ఏలారు. ఏనాడూ అన్నలిద్దరూ పక్కన లేకుండా సుధన్వుడు సింహాసనం ఎక్కలేదు.