చివర తాగేవాళ్ళకు కనిపించేది

గుగ్గిలం చెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి ఉండేది. అందులో కణుజులనే పెద్ద దుప్పులు, ముళ్ళపందులు, కుందేళ్ళు, ఒంటినిండా పొలుసులుండే అలుగులు, కొండముచ్చులు కాపురాలు చేసుకుంటూ ఉండేవి. వాగు అవతలి గుట్టలో ఒక దుమ్ములగొండి కుటుంబం కూడా ఉండేది. దాని మాట మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఎండాకాలం వస్తే వాగు ఎండిపోయేది. అప్పుడు ఇసుకలో గొయ్యి తవ్వితే అడుగున నీళ్ళు ఊరేవి. దాన్నే చెలమ అంటారు. అడవికంతటికీ అదే దిక్కు.

ఆ చెలమ తవ్వే పని ఒక సంఘానిది. ఎక్కడో దూరదేశంలో పునీత ఫ్రాన్సిస్ అనే సాధువు పిట్టల్ని చెల్లెళ్ళూ అని, తోడేలును తమ్ముడూ అని పిలిచేవాడని పూర్వం వలసపక్షులు కథ మోసుకొచ్చాయట. అది కొందరికి మహా నచ్చింది. ఇల్లూ వాకిలీ వదలకుండా, పిల్లాజెల్లాతో ఉంటూనే ఆయన దారిలో నడుద్దామని సంఘం పెట్టుకున్నారు. నియమాలు చిన్నవే. అందరినీ అన్నా, అక్కా అని పిలవాలి. నీళ్ళకొచ్చిన ఎవరినీ కాదనకూడదు. చెలమ తవ్వినవాళ్ళు అందరికంటే చివర తాగాలి. వీటికి కట్టుబడ్డవాళ్ళ మెడలో మూడు ముడులు వేసిన తీగ కట్టేవారు.

సూరమ్మ అనే ముళ్ళపందిని తవ్వడంలో మించినవాళ్ళు లేరు. అయితే ఇప్పుడామె ముసలిదైంది. గోళ్ళు అరిగిపోయాయి. తోటివాళ్ళలో కొందరు పోయారు, ఉన్నవాళ్ళకు నడుములు వంగాయి. నా తర్వాత చెలమ ఎవరు తవ్వుతారు అన్న దిగులు ఆమెను పట్టుకుంది. ఎవరి సంగతో ఎందుకు, సొంత మనవరాలు గరికే సంఘం వైపు తొంగిచూడదు.

సంఘం పెద్ద గంభీరయ్యతో ఆ మాటే అంది. గంభీరయ్య పెద్ద కణుజు. ఆ అడవిలో అంత పొడవైన కొమ్ములు ఇంకెవరికీ లేవు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

"అంతేనా అక్కా! పిల్లల పండగ పెడదాం. తునికి పండ్లు పంచితే వాళ్ళే వస్తారు" అన్నాడు.

నిజంగానే వచ్చారు. ఒళ్ళు దులిపించి అందరినీ బండ మీద వరసలో కూర్చోబెట్టారు. అణకువ గురించి గంభీరయ్య పొద్దెక్కేదాకా మాట్లాడాడు. నియమాలు వల్లె వేయించాడు.

గరిక ముళ్ళు గలగలలాడిస్తూ లేచింది. "తాతగారూ, తవ్వినవాళ్ళు చివర తాగడం దేనికి? కష్టపడ్డవాళ్ళకే కదా దాహం ఎక్కువ?"

"పెద్దలు పెట్టిన నియమం. కూర్చో."

బిళ్ళి అనే అలుగుపిల్ల లేచింది. "అందరినీ అన్నా అనాలన్నారు కదా! మిమ్మల్నీ గంభీరన్నా అనొచ్చా?"

వెనక కుందేలుపిల్లలు కిసుక్కున నవ్వాయి. గంభీరయ్య కొమ్ములు విదిలించాడు. "నేను సంఘం పెద్దని! ముందు నోరు మూసుకోవడం నేర్చుకోండి. ప్రశ్నలు తర్వాత."

పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. తునికి పండ్లు తినడానికి మాత్రం తెరిచారు. ఆ తర్వాత జరిగిన సంఘం కూటానికి ఒక్క పిల్లా రాలేదు.

"చూశావా అక్కా, ఈ కాలం పిల్లలకి భక్తి లేదు" అన్నాడు గంభీరయ్య.

సూరమ్మకు భక్తి సంగతి తర్వాత, అసలు ఈ పిల్లలు రోజూ ఎక్కడికి పోతున్నారో తెలుసుకోవాలనిపించింది. గరిక ఇంటికి వచ్చినప్పుడల్లా దాని ముళ్ళ సందుల్లో తడి ఇసుక ఉంటోంది. ఇంత ఎండలో తడి ఇసుక ఎక్కడిది?

మర్నాడు పొద్దున్నే వెనకాల బయలుదేరింది. వాగు మలుపు దగ్గర పొద చాటున నిలబడి చూసింది. చూసి నోరు తెరిచింది.

పిల్లలు కూటం ఆట ఆడుతున్నారు. బిళ్ళి తలకు రెండు ఎండుకొమ్మలు ఆనించుకుని, "అణకువ! అణకువ అంటే నా అంత ఉండాలి!" అని గొంతు బొంగురు చేసి అంటోంది. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్ళ నడుమ ఒక గొయ్యి ఉంది. గొయ్యి అడుగున తడి మెరుస్తోంది.

సూరమ్మకు నవ్వాగలేదు. ముళ్ళన్నీ గలగలమన్నాయి. పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"నానమ్మా! తిట్టడానికొచ్చావా?" అంది గరిక.

"లేదే. నాకూ చోటుందేమో అడుగుదామని."

బిళ్ళి కొమ్మలు సర్దుకుంది. "ఉంది. వరసలో కూర్చోవాలి. మాట్లాడకూడదు."

సూరమ్మ కుందేలుపిల్లల పక్కన బుద్ధిగా కూర్చుంది. కాసేపటికి గొయ్యి అంచు జారి, ఊరిన కాస్త తడీ ఇసుక కింద కప్పబడిపోయింది. పిల్లల మొహాలు వాడిపోయాయి.

"రోజూ ఇంతే" అంది గరిక. "ఎందుకు నానమ్మా?"

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడు, మాట్లాడు!"

"మూతి ఇరుగ్గా తవ్వుతున్నారు. పైన వెడల్పుగా మొదలుపెట్టి వాలుగా దిగాలి. తీసిన ఇసుకను దూరంగా పొయ్యాలి. మొదట ఊరిన బురదనీళ్ళు తోడెయ్యాలి." ఆమె చూపించింది, వాళ్ళు తవ్వారు. మధ్యాహ్నానికి తేట నీళ్ళు ఊరాయి.

గరిక మూతి పెట్టబోయి ఆగింది. "నానమ్మా, తవ్వినవాళ్ళు చివర ఎందుకు తాగాలి?"

సూరమ్మ తల గోక్కుంది. "నిజం చెప్పనా? నాకూ తెలీదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఒకసారి ఆగి చూద్దామా?"

నీళ్ళ వాసనకు జింకలొచ్చాయి, పిట్టలొచ్చాయి. తాగి వెళ్ళాయి. పిల్లలు నాలుకలు బయటపెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి గరిక గుసగుసలాడింది.

"నానమ్మా, ఆ పొద వెనక ఎవరో ఉన్నారు. అందరూ వెళ్ళిపోయేదాకా కాచుకుని ఉన్నారు."

దుమ్ములగొండి పిల్ల. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. బయటికి రావాలంటే భయం.

"మనం ముందే తాగేసి వెళ్ళిపోతే దాన్ని చూసేవాళ్ళమే కాదు!" అంది గరిక. పొద దగ్గరికి నడిచింది. "చెల్లీ, రా. నీళ్ళున్నాయి."

సూరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇన్నేళ్ళూ చివరే తాగానే. కానీ అలసిపోయి కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. ఈ పిల్ల నాకు కనిపించనేలేదు."

ఆ సాయంత్రమే వెళ్ళి గంభీరయ్యకు చెప్పింది. అప్పటికి ఆయన కొమ్ములు ఏటేటా రాలినట్టే రాలిపోయాయి. వాటిని అందరికీ కనబడేట్టు బండ మీద పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, మనమే పిల్లల దగ్గరికి పోదాం. వాళ్ళకు కాళ్ళలో బలముంది, మనకు ఒడుపు తెలుసు. నీ కొమ్ములిస్తే లోతుగా తవ్వుకోవచ్చు."

"నా కొమ్ములతో ఇసుక తవ్వుతారా? పిల్లకాయల గోతిలో నీళ్ళు నేను తాగాలా? మన చెలమ మనకుంది!"

సూరమ్మ వెనుదిరిగింది. మిగతా ముసలివాళ్ళు ఆమె వెంట మలుపు దగ్గరికి నడిచారు. తవ్వేవాళ్ళు లేక పాత చెలమ అడుగంటింది. గంభీరయ్య తనే తవ్వుకుందామని గిట్టలతో అంచు మీద దబదబా తన్నాడు. అంచు మొత్తం విరిగి పడింది. చెలమ పూడిపోయింది. ఆయన మోకాళ్ళ దాకా ఇసుకలో కూరుకుపోయి, ఎలాగో పైకి వచ్చాడు.

రెండు రోజులు బింకంగా బండ మీదే నిలబడ్డాడు. మూడో రోజు దాహానికి తట్టుకోలేకపోయాడు. తల వంచుకుని మలుపు దగ్గరికి వెళ్ళి, దుమ్ములగొండి పిల్ల దాక్కున్న ఆ పొద వెనకే నిలబడ్డాడు.

గరిక చూడనే చూసింది. "గంభీరన్నా! అక్కడెందుకు? రా, తాగు."

బిళ్ళి నవ్వబోయి సూరమ్మ వైపు చూసి ఊరుకుంది. గంభీరయ్య కడుపునిండా తాగాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు ఎక్కువ సిగ్గనిపించింది.

మర్నాడు తన కొమ్మును నోట కరుచుకుని వచ్చి ఇసుకలో పడేశాడు. "దీంతో తవ్వొచ్చేమో చూడండి."

బ్రహ్మాండంగా తవ్వొచ్చు. ఆ రోజే గరిక, బిళ్ళి, దుమ్ములగొండి పిల్ల మెడల్లో మూడు ముడుల తీగలు పడ్డాయి. ఇక కూటాలన్నీ మలుపు దగ్గరే. ప్రతి కూటమూ పిల్లల ప్రశ్నతో మొదలయ్యేది.

తీగలు కట్టిన ఆ సాయంత్రం అందరూ తాగాక గరిక చెలమ దగ్గరికి వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. గంభీరయ్య ఇంకా నిలబడే ఉన్నాడు.

"తాగవా అన్నా?"

"మీ తర్వాత తాగుతాను."

"ఎందుకు?"

ఆయన పొదల వైపు తేరిపార చూశాడు. "ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూద్దామని."

నీతి: పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి చెప్పినంత మాత్రాన సంఘం నిలవదు, వాళ్ళ ప్రశ్నకు చోటిచ్చి, పక్కన నిలబడి పని పంచుకుంటేనే నిలుస్తుంది.