తలూపిన దొరయ్య

పశువుల కొట్టంలో కంప్యూటరేమిటని నవ్వకండి. దొరయ్య కొట్టంలో ఉంది మరి. దొరయ్య ముసలి గంగిరెద్దు. పదేళ్లుగా ఆ పెట్టెలో వాన కబురు చూసి, గడ్డి ఎప్పుడు ఆరేసుకోవాలో చుట్టుపక్కల పశువులన్నిటికీ చెప్పేది. దానికి మాత్రం పెట్టె అంటే వాన కాదు. తనతో జంటగా ఆడి, నిరుడు కన్నుమూసిన ఆవు తిలకం గొంతు అందులో రికార్డయి ఉంది. "ఏమయ్యా, మేత తిన్నావా?" అనే ఆ ఒక్క పలుకు రోజూ వింటే గానీ దొరయ్యకు మేత దిగదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఒకరోజు పొద్దున్నే తెర మీద కబురు పడింది. వాన సమాచారం ఇకనుంచి కొత్త సిస్టమ్‌లోనే వస్తుందట, ఈ కంప్యూటర్ దానికి సరిపోదట.

రిపేర్లు చేసే నక్క జంబయ్య వచ్చి మూత విప్పింది. లోపల అంతా దిట్టంగా ఉంది. సెట్టింగుల్లో ఆపేసి ఉన్న సెక్యూరిటీ చిప్‌ను ఆన్ చేసి, కాస్త మెమరీ వేస్తే చాలు. ఆ మాట మింగేసి పెదవి విరిచింది, దొంగనక్క.

"లాభం లేదు మామా, దీని పని అయిపోయింది. ఇది నాకిచ్చెయ్. వేరేది పెడతా."

"ఆగన్నా!" అంది కొట్టంలో ఉండే కోడి చుక్కమ్మ. "కంప్యూటర్ల సంగతి తెలిసిన తాబేలు తాత మధ్యాహ్నానికి వస్తాడు, చూపిద్దాం. ముందు వదిన గొంతు వేరేదాంట్లోకి ఎక్కించుకో."

"అవును, గొంతు జాగ్రత్త" అంది దొరయ్య.

తాబేలు వస్తే గుట్టు రట్టే. నక్కకు గంగిరెద్దు అలవాటు బాగా తెలుసు. దరువు వినబడి, నాలుగు పొగడ్తలు చెవిన పడితే చాలు, ఆ తల దానంతటదే ఊగుతుంది. మూత మీద దరువు మొదలెట్టింది.

"మా దొరయ్య మామ బంగారం! పది ఊళ్లు మెచ్చిన బసవన్న! కొత్త పెట్టె కావాలా?"

దొరయ్య తల ఊపింది.

"వాన కబురు రావాలా?"

ఊపింది.

"పాతదంతా తుడిచేసి పట్టుకుపోనా?"

అదీ ఊపింది.

"అయ్యో అన్నా, వద్దను!" అని కోడి అరిచేలోగా నక్క మీట నొక్కేసింది. కొత్త పెట్టె పెట్టి, పాతది మోసుకుపోయింది.

మధ్యాహ్నం తాబేలు వచ్చి సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. "ఒక్క సెట్టింగ్ మార్చి, కాస్త మెమరీ వేస్తే సరిపోయేది కదయ్యా! దారిలో చూశా, అదే పెట్టెలో కొత్త సిస్టమ్ వేసి, మేకల దొడ్డికి అంటగట్టాడు ఆ జంబయ్య."

"తుడిచింది మళ్లీ రాదా తాతా?"

"రాదు నాయనా."

"వాడు మోసగాడు" అని కోడి ఏడ్చింది.

"నిజమే చుక్కమ్మా. కానీ నా తల పట్టుకుని ఎవరూ ఊపలేదు" అంది దొరయ్య.

కొత్త పెట్టె చెప్పినట్టే సాయంత్రం వాన పడింది. అందరి గడ్డీ భద్రంగా ఉంది. దొరయ్య మాత్రం తన మేత వాసన కూడా చూడలేదు.

పొగడ్తకు తలూపే ముందు, ఏం పోగొట్టుకోబోతున్నామో చూసుకోవాలి.