మేలిముసుగుకు సాక్షి

“నా కళ్ళతో నేను చూసినదానికి ఇంకొకరి సాక్ష్యం ఎందుకు గురువుగారూ?” అని నీలవేణి అడిగింది. అడిగింది అనడం మర్యాదకే గాని, నిజానికి ఆ పిల్ల నిలదీసింది.

కూర్మాచారి గారు అడవి పుట్టగొడుగులను నమోదు చేయడంలో తలపండిన మనిషి. వానాకాలం వచ్చిందంటే శిష్యులను వెంటబెట్టుకుని గుమ్మలకొండ రక్షిత అడవిలో తిరుగుతారు. ఆయనకొక పద్ధతి ఉంది. ఎవరికేది కనబడినా, దాన్ని ఇంకొకరు వచ్చి చూసి సరేనన్నాకే పద్దుకెక్కాలి. ఫోన్లు మకాంలోనే వదిలేయాలి. జేబులో ఫోనుంటే కళ్ళకు బద్ధకమని ఆయన నమ్మకం. ముందురోజు నీలవేణికి నీలిరంగు పుట్టగొడుగొకటి కనబడింది. తోటి శిష్యుడు సింహాద్రిని పిలుచుకొచ్చేలోపు అడవిపంది దాన్ని కుమ్మి పోయింది. “నేను చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పమంటావు?” అన్నాడతను. అందులో తప్పు లేదు. తప్పు లేనందుకే ఆమెకు మరింత ఒళ్ళు మండింది.

గురువుగారు ప్రశ్న విన్నారు. “వాన వెలిసింది, నడవండి,” అని చేతికర్ర అందుకున్నారు.

మోకాళ్ళ నొప్పితో ఆయన కొండవాలులో వెనకబడ్డారు. సింహాద్రి మలుపు దగ్గర ఏదో ఎండుమాను పరీక్షిస్తూ ఆగిపోయాడు. నీలవేణి ఒక్కతే పైకెక్కి, ఒక వెదురుపొద మొదట్లో ఆకులు తొలగించింది. కోడిగుడ్డంత తెల్లని గుడ్డు, దాని నెత్తిన చీలిక, చీలికలోంచి తొంగిచూస్తున్న తల!

మేలిముసుగు పుట్టగొడుగు! ఆ కొండ మీద దాన్ని చూసినవాళ్ళు లేరు. గురువుగారే ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. గుడ్డు చీలాక కాడ లేస్తుంది, తల కిందనుంచి తెల్లని జాలీ ముసుగు పరికిణీలా నేలదాకా జారుతుంది. పూటలో వాడి కూలిపోతుంది. అంతవరకూ ఆగడానికి వానకు మాత్రం ఓపికేది? పైన మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది. సాక్షి కావాలి, ఇప్పుడే కావాలి!

ఆమె కిందికి పరుగుతీసింది. ఆత్రగాడికి బుద్ధి మట్టం అంటారు గదా, మలుపు దగ్గర బురదలో జారి కూలబడింది. చీలమండ బెణికింది. సింహాద్రి కంగారుగా వచ్చి చెయ్యందించాడు.

“నన్నొదిలెయ్యి! పైన వెదురుపొద దగ్గరికి పో! మేలిముసుగు విచ్చుకుంటోంది, పరిగెత్తు!”

అతను పరిగెత్తాడు. ఆమె ఒంటికాలి మీద, చెట్టూ పుట్టా పట్టుకుంటూ కుంటుకుంటూ ఎక్కింది. నొప్పి గుర్తే లేదు. “లేచిందా? కాడ లేచిందా?” అని కిందనుంచి ఒకటే కేకలు. పైనుంచి, “అబ్బ! అబ్బబ్బ! వేణీ, తొందరగా రా!” అని అతని గొంతు వినబడుతోంది. ఆ కేకకు ఆమె ఒళ్ళు పులకరించింది. అంతలో కుండపోతగా వాన దిగింది.

ఆమె చేరేసరికి వెదురు మొదట్లో తెల్లని ముద్ద మిగిలింది. మేలిముసుగుకుండే కంపు మాత్రం గుప్పుమంటోంది. కానీ ముసుగులేని జాతికీ అదే కంపు ఉంటుందని ఇద్దరికీ తెలుసు. సింహాద్రి తడిసి ముద్దై, రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ చెప్పుకుపోతున్నాడు. “ఇట్లా, ఒక పక్కనుంచి జారింది వేణీ! ఒక కన్నం నా చిటికెనవేలు పట్టేంత! ఈగ ఒకటి అందులోంచి దూరి ఇవతలికొచ్చింది!” చెబుతూ చెబుతూ చటుక్కున ఆగాడు. నిన్నటి మాట గుర్తొచ్చి మొహం చిన్నబోయింది.

నీలవేణి నాలుక చివరకు అదే మాట వచ్చింది. నిన్నటి బాకీ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. అలా అంటే పద్దూ లేదు, తన పేరూ లేదు. చూశానంటే రెండూ ఉంటాయి. కాదనేవాడెవరు?

గురువుగారు ఆయాసపడుతూ వచ్చి ఆ ముద్ద దగ్గర గొంతుక్కూర్చున్నారు. సింహాద్రి మళ్ళీ చేతులు ఆడిస్తూ, మొహం వెలిగిపోతూ చెప్పినదంతా విన్నారు. ఎన్నాళ్ళ ఆశ ఆయనది!

“నువ్వు చూశావా అమ్మా, ముసుగు?”

నీలవేణికి ఏడుపొచ్చింది. “చూడలేదు గురువుగారూ. గుడ్డు చీలడం చూశాను. ముసుగు చూడలేదు.” కళ్ళు తుడుచుకుని సింహాద్రి వైపు తిరిగింది. “కానీ ఇతను చూశాడు. ఆ మొహం చూడండి, ఇంకా దిగలేదు సంతోషం. చూడకపోతే ఇట్లా ఉంటుందా మనిషి? ఇతని మాటకు నాది పూచీ.”

సింహాద్రి తల వంచుకున్నాడు. “నిన్న నేను నీ గురించి ఈ మాట అనలేకపోయాను,” అన్నాడు మెల్లగా.

కూర్మాచారి గారు కర్ర ఊనుకుని లేచారు. సంచిలోంచి పద్దు పుస్తకం తీసి నీలవేణి చేతిలో పెట్టారు.

“ఇద్దరి పేర్లూ రాయి,” అన్నారు.

“నేను చూడలేదన్నాను కదా గురువుగారూ?”

“కళ్ళదేముందమ్మా, అందరికీ ఉంటాయి. ఇలాంటి పూచీ అందరూ ఇవ్వలేరు. రాయి.”