సొట్ట పడని డబ్బా

పోశెట్టి తలకు దెబ్బ తగిలింది కానీ నెత్తురు రాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మర్నాడే జాతర. ఆ ఊళ్లో జాతర కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై, పొద్దు వాలే వేళకు వెండి కడియంతో ముగుస్తాయి. పోయినేడు ఆ కడియాన్ని దెగ్లూరు పహిల్వాన్ బాలాజీ ఎగరేసుకుపోయాడు. వెల్లకిలా పడ్డ పోశెట్టిని చూసి జనం నవ్విన నవ్వు ఏడాది పొడుగునా వాణ్ణి నిద్రపోనివ్వలేదు. ఈసారి కడియం తనదే అనుకున్నాడు. అంతలో కుస్తీ తాలీంలో చివరి సాధన చేస్తూ కాలు జారి పడితే, గోదా అంచున పాతిన దుంగకు తల ఠపీమని కొట్టుకుంది.

లేచి మట్టి దులుపుకున్నాడు. వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోంది. అయినా నవ్వాడు. పహిల్వాన్ అన్నవాడు నొప్పిని పాలు తాగినట్టు తాగెయ్యాలని వాడి నమ్మకం.

కుస్తీ నేర్పే ఖాజా ఉస్తాద్ దగ్గరికొచ్చి వాడి కళ్లలోకి చూశాడు.

"పొద్దున ఏం తిన్నవ్ బేటా?"

ఎంత తవ్వుకున్నా పోశెట్టికి గుర్తు రాలేదు.

"ఏదో తిన్న ఉస్తాద్. నాకేం గాలే. సూడున్రి, నెత్తికి గీత గూడ వడలే. రేపు దిగుత."

ఉస్తాద్ వాదించలేదు. సాధన అయ్యాక అందరూ తినడానికి రాత్రి స్టీలు డబ్బాలో తోడేసిన పెరుగు లోపలుంది. ఆ డబ్బా తెచ్చి మూత తీసి చూపించాడు. పెరుగు గడ్డలా గట్టిగా ఉంది. మూత బిగించి, అదే దుంగకేసి డబ్బాను ఒక్కటి కొట్టాడు.

"సొట్ట వడ్డదా?"

పోశెట్టి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేదు."

"మూత తియ్."

తీశాడు. పెరుగు ముక్కలు ముక్కలై, నీళ్లు పైకి తేలాయి.

పోశెట్టి అక్కడే కూలబడి తల తడుముకున్నాడు. కడియం కళ్ల ముందు మెరిసింది. ఏడుపొచ్చింది. చివరికి లేచి, రేపటి కోసం ఉతికి ఆరేసుకున్న లంగోటాను దండెం మీంచి తీసి ఉస్తాద్ చేతికిచ్చాడు. ఉస్తాద్ వాణ్ణి అటునుంచి అటే దవాఖానకు తీసుకెళ్లాడు.

జాతరనాడు వాడు చీకటి గదిలో పడుకుని డప్పుల చప్పుడు విన్నాడు. భయపడి దాక్కున్నాడని ఊరు అనుకుంది. ఉస్తాద్ వచ్చి, గోరువెచ్చని పాలలో తోడేసి, ఆ గిన్నెను వాడి మంచం పక్కన పెట్టాడు.

"కదిలియ్యకు" అని వెళ్లిపోయాడు.

తల తేలికయ్యాక నడక, ఆ తర్వాత దండీలు. తల మళ్లీ బరువెక్కిందంటే మళ్లీ మంచమే. డాక్టరు సరేనన్నాకే ఉస్తాద్ వాణ్ణి గోదాలో అడుగు పెట్టనిచ్చాడు.

మళ్లీ జాతర వచ్చింది. బాలాజీ ఏనుగులా మీదికొచ్చాడు. పోశెట్టి వాడి చంక కిందినుంచి దూరి, నడుం పట్టి, ఎత్తి పడేశాడు. బాలాజీ తల నేలకు కొట్టుకుని, రెండు భుజాలూ మట్టికి ఆనాయి. డప్పులు దద్దరిల్లాయి. నిరుడు వేళాకోళం చేసినవాళ్లే వాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు.

బాలాజీ తూలుతూ లేచాడు. "ఇంకో పట్టు!"

ఓడినవాడు అడిగితే గెలిచినవాడు కాదనకూడదన్నది అక్కడి కట్టుబాటు. కాదంటే కడియం లేదు. "దిగు, దిగు" అని జనం అరుస్తున్నారు. పోశెట్టి వాళ్ల భుజాల మీంచి కిందికి దూకి, బాలాజీ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, పొద్దున ఏం తిన్నవ్?"

"పొద్దున... పొద్దున..." అంటూ బాలాజీ నుదురు రుద్దుకున్నాడు.

పోశెట్టి అతన్ని మెల్లగా నీడన కూర్చోబెట్టి, పెద్దల వైపు తిరిగాడు. "నేను దిగ. కడియం మీ దగ్గర్నే ఉంచున్రి. ముందుగాల ఈయన్ని దవాఖానకు తోల్కపోదాం, బండి తెప్పియ్యున్రి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తీర్పు మీదేనంటూ కడియాన్ని ఖాజా ఉస్తాద్ చేతిలో పెట్టారు.

ఉస్తాద్ గోదాలోకి నడిచొచ్చి, దాన్ని పోశెట్టి చేతికి తొడిగాడు.

"తోడుకున్నది" అన్నాడు.