ఖాళీ బరిణె చోటు

ఒక రాజుగారి కొట్టులో ఊరికో భోషాణం ఉండేది. భోషాణంలో ఇంటికో పెట్టె. పెట్టెలో మూడు బరిణెలు: పసుపు, కుంకుమ, గంధం. అన్నీ అమ్మవారి జాతర కోసం వచ్చినవే.

కుండలు చేసుకునే ఒక అవ్వకి ఆ ఏడు గంధం కుదరలేదు. బరిణెను తుడిచి ఖాళీగానే పంపింది. తల్లి ముందు తన ఇంటిపేరు పలికితే చాలు, అంతకుమించి ఆమెకి ఆశ లేదు.

"ఇన్ని పెట్టెలు విప్పుకుంటూ కూర్చుంటే పూజకి తెల్లారిపోతుంది. పసుపంతా ఒక వరస, కుంకుమంతా ఒక వరస, గంధమంతా ఒక వరస పెట్టండి" అన్నారు రాజుగారు.

కొట్టు చూసే పెద్దాయన ఇళ్ల క్రమం తప్పకుండా మూడు వరసలూ పేర్చాడు. పేరు పిలిచినప్పుడల్లా పూజారి వరసకో బరిణె అందుకోవాలి.

దివానుగారు ఖాళీ బరిణె మూత తీశారు. "ఇదేంటయ్యా, అమ్మవారికి గాలి పూస్తారా?"

"ఉండనివ్వండి బాబూ. అది అవ్వ చోటు" అన్నాడు పెద్దాయన.

"చోటుకి వాసనుంటుందా? తీసెయ్."

దాన్ని గూట్లో పెట్టారు. వెనక ఉన్న బరిణెలు తలా ఒక అడుగు ముందుకి జరిగి, ఇప్పుడు బాగుందని నవ్వుకున్నాయట.

జాతరలో అవ్వ ఇంటిపేరు పిలిచారు. పూజారి చేతిలో గంధం గుమగుమలాడింది.

"ఇది నాది కాదు నాయనా" అంది అవ్వ.

"దొరికింది కదా, ఊరుకో అవ్వా" అన్నారు దివానుగారు.

పిలుపు సాగింది. ఆనవాయితీ ప్రకారం అందరికంటే చివర రాజుగారి ఇల్లు. పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది. మూడో వరసలో పూజారి చెయ్యి ఉత్త పీటని తడిమింది.

"నా గంధం ఏదీ?"

"అవ్వ దగ్గర నుంచి అందరిదీ ముందింటి పేరు మీద పోయింది ప్రభూ" అన్నాడు పెద్దాయన.

రాజుగారు తానే వెళ్లి గూట్లోంచి బరిణె తెచ్చి, దాని చోట పెట్టారు. "బరిణెలన్నీ తిరిగి వరసల్లో పెట్టి, మళ్లీ మొదటి నుంచి పిలవండి."

అవ్వ వంతు వచ్చింది. రాజుగారు తన గంధం చేతిలోకి తీసుకుని, "కాస్త వెయ్యనా అవ్వా?" అని అడిగారు.

"వద్దు బాబూ. అది మీ ఇంటిది."

పూజారి ఆ ఖాళీ బరిణెలో వేలు ముంచి తల్లి నుదుట అద్దాడు. అవ్వ పమిట సర్దుకుని, నడుం నిటారుగా నిలబెట్టి హారతి కళ్లకద్దుకుంది.

రాజుగారు వెనక్కి వెళ్లి, వరస చివర తన చోట నిలబడ్డారు.