నక్క కూర్చోవలసిన బొరియ

వానలు కొండ అవతలిదాకా వచ్చేశాయని చీమలు మూటాముల్లె సర్దుకుంటున్న రోజులవి. అడవిలో గిరాకీ అంతా బొరియలకే. తవ్వించి ఇచ్చే కంట్రాక్టరు ఒక్కడే, నక్క రాజమన్నారు. తవ్వించి అన్నాను చూడండి, తవ్వి అనలేదు. బుద్ధెరిగాక ఆయన గోరు మట్టిలో పెట్టిన పాపాన పోలేదు. తవ్వేదంతా అలుగు తాత. ఒళ్ళంతా పెంకులు, ముందుకాళ్ళకి గునపాల్లాంటి గోళ్ళు. పనిలో పులే గానీ, ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, బంతిలా చుట్టుకుపోతాడు. కూలి పెంచమని అడగడానికి వెళ్ళిన ప్రతిసారీ రాజమన్నారు ఒక్క అరుపు అరిచేవాడు. తాత బంతిగా దొర్లుకుంటూ పాత కూలికే తిరిగొచ్చేవాడు.

ఆ ఏడు అడవి పంచాయతీ వాగు ఒడ్డున వరసగా బొరియలు తవ్వించాలనుకుంది. చాలా పెద్ద పని. కానీ ఓ మెలిక పెట్టింది. కొత్తవాళ్ళని ఒక్కరినైనా అప్రెంటిస్‌గా చేర్చుకుని, నేర్పి, పరీక్ష నెగ్గించిన యజమానికే ఆ పని ఇస్తుందట.

మర్నాడు పొద్దున్నే రాజమన్నారు ఓ కుందేలు పిల్లని వెంటబెట్టుకుని మద్ది చెట్టు కిందికి వచ్చాడు. దాని పేరు చుక్కాలు. మన కుందేళ్ళకి బొరియలుండవు, గడ్డిలోనే పడక. కిందటేడు వానాకాలమంతా వాళ్ళమ్మ చుక్కాలు మీదా తమ్ముళ్ళ మీదా గొడుగులా వంగి కూర్చుంది. ఆ నడుము ఇంకా నిటారు కాలేదు. ఈసారైనా అమ్మ పొడి నేల మీద పడుకోవాలని చుక్కాలు పట్టు.

మద్ది చెట్టు కింద పంచాయతీ తరఫున అప్రెంటిస్‌లని రిజిస్టరు చేసేది ముసలి ఏదుపంది. అందరూ ఏదమ్మ అంటారు.

"రాజమన్నారూ, చేర్చుకోవడమంటే ఊడిగానికి పెట్టుకోవడం కాదు. పని తెలిసినవాణ్ణి పక్కన నిలబెట్టి నేర్పించాలి. నేర్చుకునే రోజుల్లోనూ మేత పెట్టాలి, పని వచ్చేకొద్దీ పెంచాలి. వారానికోసారి నా దగ్గరికి మట్టి పాఠానికి పంపాలి."

"అయ్యో, సొంత కూతురిలా చూసుకుంటానమ్మా!"

"కూతురిలా వద్దు నాయనా, అప్రెంటిస్‌లా చూడు చాలు." ఏదమ్మ చుక్కాలు వైపు తిరిగింది. "నువ్వూ విను పిల్లా. మధ్యలో గంతేసి పారిపోకూడదు. పరీక్ష నెగ్గావంటే నా వీపు మీది ముల్లొకటి నీ చెవి వెనక పెడతాను. అది చూపిస్తే ఏ అడవికి వెళ్ళినా నిన్ను పనిమంతురాలనే అంటారు. నీకేం వచ్చని మళ్ళీ ఎవరూ అడగరు."

చెట్టు బెరడులో రెండు ముళ్ళు పక్కపక్కనే గుచ్చింది. ఒకటి యజమానిది, ఒకటి చుక్కాలుది. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

పని మొదలైంది. ఏ పని అనేగా మీ ప్రశ్న? చుక్కాలుదీ అదే ప్రశ్న.

"ఒసే చుక్కాలూ, నా తోకలో పల్లేరు కాయలు ఏరు."

"ఇది తవ్వడమా అయ్యగారూ?"

"వెతకడం. వెతకడం రానివాళ్ళకి తవ్వడం ఏం వస్తుంది?"

మర్నాడు వాగులో పీతలు పట్టుకురమ్మన్నాడు.

"ఇది?"

"ఒడ్డు మట్టితో పరిచయం."

ఆ మర్నాడు ఆయన వీపు గోకుతూ చుక్కాలు ఇంకేం అడగలేదు. అడిగితే వీపులో కూడా ఏదో మట్టి పాఠం ఉందంటాడని భయం. అలుగు తాతని మాత్రం ఎప్పుడూ చుక్కాలు లేని చోటికే పంపేవాడు రాజమన్నారు. సరిగ్గా చుక్కాలు మట్టి పాఠానికి వెళ్ళాల్సిన రోజునే ఆయనకి కాళ్ళు పట్టించుకోవాల్సినంత నొప్పి వచ్చేది. ఆయన లెక్క ఆయనది. నేర్పితే రేపు తన ఎదురుగానే దుకాణం పెడుతుంది. నేర్పకపోతే ఊరికే దొరికిన ఊడిగం, పైగా వాగు పని. పరీక్షదేముంది, ఏదో మాయ చేసి గట్టెక్కించవచ్చు.

పాఠానికి పిల్ల రావడం లేదేమిటని ఓ రోజు ఏదమ్మే బయల్దేరింది. దూరం నుంచే ముళ్ళ గలగల విన్నాడు రాజమన్నారు. అప్పుడే సగం తవ్విన బొరియలోంచి తాతని బయటికి లాగి పొద వెనక్కి తోసి, చుక్కాలుని లోపలికి నెట్టి దాని మొహాన ఇంత దుమ్ము కొట్టాడు.

"చూశారా ఏదమ్మా! తిండి కూడా గుర్తుండదు దీనికి, ఎప్పుడూ మట్టిలోనే!"

"ఏం పిల్లా, పని వచ్చిందా?"

చుక్కాలు నోరు తెరిచింది. తుమ్ము వచ్చింది.

"వచ్చిందా ఏమిటమ్మా," రాజమన్నారు అందుకున్నాడు. "దీనికిక మట్టి పాఠాలెందుకు? కావాలంటే వచ్చే పున్నమికే పరీక్ష పెట్టండి!"

"సరే, నీ ఇష్టం. పున్నమి రోజు పొద్దున. అడవిదున్న బలుసన్నకి ఇవాళే కబురు పెడతాను."

"దున్నతో పనేముంది?"

"నువ్వు కొండ అవతలివాడివి కదూ, మా ఆచారం తెలీదు. అందరి ఎదుటా అప్రెంటిస్ బొరియ తవ్వుతుంది. లోపల యజమాని కూర్చుంటాడు. పైనుంచి బలుసన్న ఓసారి నడుస్తాడు. బొరియ నిలబడితే పిల్లకి ముల్లు, నీకు వాగు పని."

రాజమన్నారు మీసాలు వేలాడిపోయాయి. "నిలబడకపోతే?"

"ఏమో నాయనా. పని నేర్పిన యజమాని ఎవడూ ఇంతవరకూ ఆ మాట అడగలేదు."

ఏదమ్మ వెళ్ళిపోయింది. రాజమన్నారు చుక్కాలు వైపు చూశాడు. చుక్కాలు దుమ్ము దులుపుకుంటోంది.

"చుక్కాలమ్మా..."

"అయ్యగారూ, నేను పీతలు బ్రహ్మాండంగా పడతాను. దున్న నడిచేటప్పుడు మీకేమైనా పనికొస్తుందా?"

"వేళాకోళం ఆడకు తల్లీ! ఏయ్ తాతా! ఇటు రా!"

ఆ అరుపుకి పొద వెనక తాత బంతి అయిపోయాడు. రాజమన్నారు వెళ్ళి బంతి ముందు చతికిలబడ్డాడు.

"తాతా, బంగారు తాతా, పిల్లకి కాస్త పని నేర్పవూ?"

"కూలి," అంది బంతి.

"పెంచుతా."

బంతి కొంచెం వదులైంది. "పిల్లకి మేత."

"అదీ పెంచుతా."

ముక్కు బయటికొచ్చింది. "పిల్ల మట్టి పాఠానికి వెళ్ళాలి. నువ్వు అరవకూడదు."

"అరవను!" అని అరిచాడు రాజమన్నారు. బంతి మళ్ళీ బిగుసుకుంది. ఆ పూటంతా బతిమాలితే గానీ విప్పుకోలేదు.

ఆ తర్వాత చూడాలి మీరు! చుక్కాలు తవ్వుతుంటే రాజమన్నారు తోకతో విసిరాడు. తీసిన మట్టి మోశాడు. దుంపలు ఏరుకొచ్చి ఒలిచి మరీ పెట్టాడు. "అయ్యగారూ, ఈ దుంప కాస్త గట్టిగా ఉంది, నా చెయ్యి బలహీనపడితే మీకే కష్టం," అని చుక్కాలు మూతి ముడిస్తే మెత్తని దుంపకోసం మళ్ళీ పరుగు.

తాత ఓపిగ్గా నేర్పాడు. "ముందు వాసన చూడు. ఇసక కలిసిన చోట గోరు పెట్టకు, పైకప్పు జారిపోతుంది. చెట్టు వేళ్ళు పట్టి ఉంచిన మట్టి కింద పోవాలి. లోపలికెళ్ళి పైకి తిప్పితే నీళ్ళు నిలవవు."

కుందేలు ముందుకాళ్ళు దూదిపింజలు. మొదటి బొరియ కూలింది. రెండోదీ కూలింది. కూలిన ప్రతిసారీ చుక్కాలు కంటే ముందు రాజమన్నారు ఏడ్చాడు. చివరికి చుక్కాలు వెనక్కి తిరిగి, వదులైన మట్టిని వెనక్కాళ్ళతో తన్ని బయటికి పంపి, వెల్లకిలా పడుకుని అవే కాళ్ళతో పైకప్పుని దిమ్మిస కొట్టి గట్టిచేసింది. తాత గోరుతో తట్టి చూశాడు. ఒక్క రేణువు రాలలేదు.

"ఇది నేను నేర్పింది కాదే!"

"మీరు నేర్పిందే తాతా, నా కాళ్ళకి సరిపడేట్టు తిప్పుకున్నాను."

పున్నమి రోజు పొద్దున్న అడవంతా పోగైంది. చుక్కాలు అమ్మ కూడా వంగిన నడుముతోనే తమ్ముళ్ళని వెంటేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. చుక్కాలు వాసన చూసి నేరేడు వేళ్ళ కింద మొదలుపెట్టింది. ఎండెక్కేసరికి బొరియ పూర్తయింది. అందరూ మేతకి లేచారు.

రాజమన్నారు మాత్రం మేతకి వెళ్ళకుండా బొరియ చుట్టూ తిరిగాడు. 'ఎంతైనా కుందేలు! మొన్నటిదాకా నా వీపు గోకింది. దీన్ని నమ్మి కూర్చోనా?' అప్పుడో ఉపాయం తట్టింది. దున్న నడిచేది బొరియ మీదుగానే కదా? పక్కన ఓ చిన్న గుంట ఉంటే? కూలినా కూలకపోయినా తనకేం కాదు. యజమానిగా లోపల చూసొస్తానని ఏదమ్మకి చెప్పి దూరాడు. పక్క గోడ గోకుతూ ఎక్కడ సులువుగా రాలితే అటే పోయాడు. మట్టి ఎంత మెత్తగా వచ్చిందంటే, ఈ పని తనకి పుట్టుకతోనే వచ్చిందని మురిసిపోయాడు కూడా. మళ్ళీ పిలిచినప్పుడు వెళ్ళి ఆ గుంటలోనే ముడుచుకు కూర్చున్నాడు.

"నడు బలుసన్నా!" అంది ఏదమ్మ.

బలుసన్న బొరియ మీదుగా నడిచాడు. ధబ్, ధబ్, ధబ్. కిందినుంచి చిన్న బెడ్డ కూడా రాలిన చప్పుడు లేదు. చుక్కాలు అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బలుసన్న ఆగి, "రాయిలా ఉందే పిల్లా!" అని మెచ్చుకుని పక్కకి దిగాడు.

ఆ పక్కకే.

ముందుకాలు మోకాలి దాకా నేలలో దిగిపోయింది. "అమ్మో! అమ్మో! చచ్చాను!" అని అరిచింది నేల.

"ఇక్కడ బొరియ లేదే!" అన్నాడు బలుసన్న కాలు పీక్కుంటూ.

గుంటలోంచి ఒక తోక మాత్రం బయటికి ఊగుతోంది. చుక్కాలు ఒక్క గంతులో వచ్చి, వెనక్కాళ్ళతో మట్టి ఎగజిమ్మి, తోక పట్టుకుని రాజమన్నారుని బయటికి లాగింది. కళ్ళు, చెవులు, ముక్కు, అంతా ఇసక.

"నా బొరియలో కూర్చోకుండా ఇక్కడేం చేస్తున్నారు అయ్యగారూ?"

రాజమన్నారు నోట్లోని మట్టి ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు.

ఏదమ్మ తన వీపు మీంచి ముల్లు తీసి చుక్కాలు చెవి వెనక పెట్టింది. "బొరియ నిలబడింది రాజమన్నారూ, వాగు పని నీదే. అయితే ఈ పిల్ల ఇక నీ అప్రెంటిస్ కాదు. కావాలంటే పూర్తి కూలికి అడుగు. వస్తుందో రాదో దాని ఇష్టం."

"వస్తావా తల్లీ?" రాజమన్నారు చేతులు జోడించాడు.

"రేపు వస్తాను అయ్యగారూ. ఇవాళ మా అమ్మకి తవ్వాలి," అంది చుక్కాలు. తమ్ముళ్ళని ముందు తోలుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అడవంతా దాని వెనకే వెళ్ళింది, బలుసన్న కూడా. రాజమన్నారు మాత్రం చెవుల్లో ఇసక దులుపుకుంటూ, తను ఇంత ఖర్చుపెట్టి నేర్పించి తవ్వించిన ఆ గట్టి బొరియ గుమ్మం ముందే ఎండలో కూర్చుండిపోయాడు.

నీతి: పని నేర్పితే యజమాని పని సగమే అయినట్టు, నేర్చుకున్నవాళ్ళని నమ్మడం మిగతా సగం.