మెట్ల మీద గుండిగలు

దగ్గరికి జరగండర్రా. సంహితా, ఆ దిండు తమ్ముడికి కూడా కాస్త ఇవ్వవే. హవీషూ, కాళ్ళు కడుక్కున్నావా? సరే రా. రాజుగారి కథలు నిన్నటితో అయిపోయాయి. నాలుగో అంతస్తు తాతగారు ఎందుకు మాట్లాడరు అమ్మమ్మా అని పొద్దున్న అడిగారు కదా, ఇవాళ ఆ కథే. ఇందులో నవ్వు రాదు మరి. వింటారా? ఊ కొట్టాలి. మీరు కొట్టకపోతే నేను చెప్పను.

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఐదంతస్తుల ఇల్లు. ఏ ఊరంటారేమిటి, ఈ కాకినాడే. ఏ ఇల్లంటారేమిటి, మనం పడుకున్న ఈ మందార నిలయమే. పేరుకి మందారం గానీ చుట్టూ వెతికినా ఒక్క పువ్వు లేదు. లిఫ్టు ఉండేది, ఎక్కేది కాదు, దిగేది కాదు. దాని తలుపుకి 'రిపేరు' అని రాసిన అట్టముక్క కట్టి ఉండేది. అట్ట రంగు పోయింది, మీద అక్షరాలు పోయాయి, రిపేరు మాత్రం పోలేదు. కింద మోటారు దగ్గర వైర్లు బయటికి తేలి ఉండేవి. సంపు మూత సగం విరిగి ఉండేది. పిల్లలు ఆడుకుంటుంటే మేమందరం బాల్కనీల్లో నిలబడి అటెళ్ళకు, ఇటెళ్ళకు అని అరిచేవాళ్ళం. ఆ మూత మార్పించినవాళ్ళు మాత్రం ఒక్కళ్ళూ లేరు. ఊ కొడుతున్నారా?

ఆ నాలుగో అంతస్తులో నూకరాజు గారు అని ఉండేవారు. ఇప్పుడూ ఉన్నారనుకోండి. ఆయన బస్సు కండక్టరు చేసి రిటైరయ్యారు. ఏం గొంతర్రా అది! పొద్దున్నే పాల ప్యాకెట్టుకి దిగుతూ ప్రతి అంతస్తులోనూ 'మూడో అంతస్తు, రెండో అంతస్తు, దిగేవాళ్ళున్నారా' అని కేకేసేవారు. ఆ కేకకే నేను లేచేదాన్ని. భార్య లేదు. కొడుకు శ్రీను పోర్టులో క్రేను మీద పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కోడలు హైమ ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మంచి తెలివైన పిల్ల. మావగారూ కోడలూ ఒకటే కబుర్లు. ఈయన చెబుతుంటే ఆవిడ నవ్వే నవ్వు మా ఇంట్లోకి వినిపించేది.

మాది ఈ రెండో అంతస్తే. మా ఎదురుగుమ్మం భ్రమరాంబది. ఆవిడా, వాళ్ళాయన కొండలరావూ పెళ్ళిళ్ళకి వంటసామాను అద్దెకిచ్చే కొట్టు నడిపేవాళ్ళు. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి ఒక్క పూటలో ఆ కొట్టు కొట్టేశారు. పాపం, సామానంతా ఏం చేసుకుంటారు? ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో పట్టలేదు, గుమ్మంలో పెట్టారు. గుమ్మంలో పట్టలేదు, మెట్ల మీద పెట్టారు.

ఎలా పెరిగిందో చెప్పనా? ముందర పెళ్ళివంటల ఇనప గాడిపొయ్యి వచ్చింది. పొయ్యి మీదికి గుండిగ ఎక్కింది. గుండిగ మీదికి డేగిసా ఎక్కింది. డేగిసా మీదికి మూత, మూత మీదికి జల్లెడ, జల్లెడలోకి గరిటెలు. గోడవారకి మడత కుర్చీలు. కుర్చీల వెనకాల షామియానా గుంజలు. చివరికి మెట్ల మలుపులో ఒక్క మనిషి పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దిగే సందు మిగిలింది.

మరి ఎవరూ ఏమీ అనలేదా అంటారు. అదే చెబుతున్నా వినండి. మెట్లెక్కడం కష్టంగా ఉందని అందరూ గొణిగేవాళ్ళే. ఐదో అంతస్తువాళ్ళని అడిగితే మా బిల్డింగు ప్రెసిడెంటు గవర్రాజు గారు చెప్పాలన్నారు. గవర్రాజు గారిని అడిగితే మీటింగులో చెప్పాలన్నారు. మీటింగు పెట్టండంటే మూడో అంతస్తువాళ్ళు రావడం లేదన్నారు. మూడో అంతస్తువాళ్ళని అడిగితే ఎదురింటివాళ్ళు మెల్లిగా చెబితే బాగుంటుందన్నారు. ఆ ఎదురింటివాళ్ళెవరు? నేనే.

నేను చెప్పలేదమ్మా. మీ తాతగారు పోయినప్పుడు ఆ భ్రమరాంబే పదకొండు రోజులూ మాకు క్యారేజీ పంపింది. ఆవిడ నోరు గట్టిది, చెయ్యి మంచిది. ఎదురుబొదురు మొహాలు, పొద్దున లేస్తే చూసుకోవాలి, మనకెందుకులే అనుకున్నాను.

హైమ ఒక్కతే అడిగింది. ఒకరోజు కూరలసంచీతో పైకి వెళుతూ ఆగి, "భ్రమరాంబ గారూ, మా మావయ్యగారికి చూపు సరిగ్గా ఆనడం లేదండి. దిగేటప్పుడు కాళ్ళకి తగులుతున్నాయి. కాస్త ఒక పక్కకి సర్దించండి" అంది.

భ్రమరాంబ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏ పక్కకి సర్దమంటావు? నా నెత్తి మీదికా? మా కొట్టు కూలగొడుతుంటే ఒక్కరు వచ్చి నిలబడలేదు. ఇప్పుడు మెట్లు కొలవడానికొచ్చావా?"

"నేను కొలవడానికి రాలేదండీ. పడతారేమోనని భయం."

"భయమైతే ఇంట్లో కూర్చోమను మీ మావగారిని!"

నేను తలుపు వెనకాల నిలబడి అంతా విన్నాను. హైమ మా తలుపు వైపు ఒకసారి చూసింది. నేను బయటికి రాలేదు.

ఊ కొట్టండర్రా. హవీషూ, నిద్రొస్తోందా? లేదా? సరే.

తరవాత ఏమైందంటే, ఒకనాడు పొద్దున్న ఎవరి భుజమో తగిలి ఆ పెద్ద మూత కింద పడింది. పడి ఊరుకుందా? ఢాం, ఢాం, ఢాం అని మెట్టు మెట్టూ దొర్లుకుంటూ పోయి, పాలు తెచ్చే మంగ మోకాలికి తగిలింది. పాలు మెట్లనిండా పారాయి. మంగ కుంటుకుంటూ నెల తిరిగింది. ఇప్పుడైనా తీసేస్తారనుకున్నాం. కొండలరావు గారు ఏం చేశారో తెలుసా? బజారుకెళ్ళి ఇనప గొలుసు తెచ్చారు. పొయ్యినీ, గుండిగల చెవులనీ, కుర్చీలనీ, గుంజలనీ అన్నిటినీ కలిపి మెట్ల కటకటాలకి కట్టేసి, ఇంత తాళం వేశారు. ఇక దొర్లవులెండి, ఎవరికీ భయం లేదు అన్నారు. ఆయన మంచి చేశాననే అనుకున్నారు. మేమందరం కూడా పోనీలే, దొర్లవు కదా అనుకున్నాం.

వైశాఖమాసం వచ్చింది. ఎండ చెప్పక్కర్లేదు. భ్రమరాంబా కొండలరావూ వాళ్ళ చెల్లెలి కూతురి పెళ్ళికి పిఠాపురం వెళ్ళారు. తాళంచెవి వాళ్ళతోనే వెళ్ళింది. ఆరోజు మధ్యాహ్నం మూడింటికి నేను పేపరు చూసుకుంటూ కూర్చున్నాను. పైన ఏదో పడిన చప్పుడైంది. తరవాత హైమ కేక.

అన్నం తిని లేచిన నూకరాజు గారికి మూతి పక్కకి పోయింది. చెయ్యి ఎత్తబోతే లేవలేదు. కోడల్ని పిలవబోతే మాట ముద్ద ముద్దగా వచ్చింది. శ్రీను డ్యూటీలో ఉన్నాడు. హైమ ఏడుస్తూ కూర్చోలేదు. అంబులెన్సుకి ఫోన్ చేసింది, ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. అంబులెన్సు పది నిమిషాల్లో వచ్చింది. ఇద్దరు మనుషులు స్ట్రెచరు నిలువుగా ఎత్తిపట్టుకుని, గుండిగల మధ్యలోంచి ఎలాగో పైకి దూరారు. పైకైతే దూరారు, మనిషిని పడుకోబెట్టి కిందికి ఎలా తెస్తారు? మలుపు దగ్గర స్ట్రెచరు తిరగలేదు. కూర్చోబెట్టి మోద్దామంటే ఆయనకి ఒక పక్క అసలు పట్టు లేదు, భారీ మనిషి. ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు లేదు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. గొలుసు లాగారు. అంబులెన్సు మనిషి, "అమ్మా, ఇవి తీయకపోతే లాభం లేదు. టైం అయిపోతోంది" అన్నాడు.

అప్పుడు హైమ మా తలుపు కొట్టింది.

నేను తీశాను. పూర్తిగా కాదు, గడియగొలుసు ఉంచి ఇంత మేరకు. హైమ జుట్టు విడిపోయి ఉంది, మొహమంతా చెమట.

"పిన్నిగారూ, మీ ఇంట్లో సుత్తి ఉందా?"

సుత్తి నా వెనకాల, ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది. నాలుగడుగులు. నా బుర్రలో ఏం తిరిగిందో తెలుసా? పెద్దాయన సంగతి కాదు. తాళం పగిలితే భ్రమరాంబ ఊరుకోదు, ఎవరు సుత్తి ఇచ్చారని అడుగుతుంది, రేప్పొద్దున ఆవిడ మొహం ఎలా చూడను, ఇదీ తిరిగింది.

"లేదమ్మా" అన్నాను.

హైమ నన్ను ఒక్క క్షణం చూసింది. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. మూడో అంతస్తు దాటి, నాలుగో అంతస్తుకి వెళ్ళి, వంటింట్లోంచి రుబ్బురోలు పొత్రం గుండెలకి హత్తుకుని మోసుకుంటూ మళ్ళీ దిగింది. దిగి ఆ తాళం మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పది, ఇరవై. నేను తలుపు వెనకాల ప్రతి దెబ్బా విన్నాను. పొత్రం జారి ఆవిడ చిటికెనవేలు నలిగింది. అయినా ఆపలేదు. చివరికి తాళం విరగలేదు, గొలుసు లింకే తెగింది.

ఆ చప్పుడుకి తలుపులు తెరుచుకున్నాయి. గవర్రాజు గారు లుంగీ మీద పరుగెత్తుకొచ్చారు. మూడో అంతస్తువాళ్ళు వచ్చారు, ఐదో అంతస్తువాళ్ళు దిగారు. అందరూ మెట్ల మీద వరసగా నిలబడ్డారు. కుర్చీలు చేతి నుంచి చేతికి, గుంజలు చేతి నుంచి చేతికి, డేగిసాలు చేతి నుంచి చేతికి కింద వాకిట్లోకి దిగాయి. అప్పుడు నేనూ బయటికొచ్చాను. నేనేం అందించానో తెలుసా? గరిటెలు. ఇంత పెద్ద దాన్ని, నిలబడి గరిటెలు అందించాను.

స్ట్రెచరు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది. నూకరాజు గారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక్కొక్కళ్ళనీ చూస్తున్నారు. అంబులెన్సు వచ్చిన దగ్గర్నుంచి కదిలేదాకా యాభై నిమిషాలు పట్టింది.

బతికారమ్మా. ప్రాణానికి ఏం కాలేదు. కానీ కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేది అన్నాడట డాక్టరు. ఆ ముక్క శ్రీను వచ్చి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాడు. తిట్టలేదు, అరవలేదు. ఉత్తినే చెప్పి పైకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదర్రా.

మర్నాడు భ్రమరాంబ పట్టుచీరతోనే ఆటో దిగింది. వాకిట్లో చెల్లాచెదురుగా ఉన్న సామాను చూసి, ఎవర్రా నా గొలుసు తెంపింది అని మొదలుపెట్టింది. గవర్రాజు గారు దగ్గరికెళ్ళి సంగతి చెప్పారు. ఆవిడ ఆ పట్టుచీరతో కింద మెట్టు మీదే కూలబడింది. సాయంత్రానికల్లా కొండలరావు గారు ట్రాలీ ఆటో మాట్లాడి, గరిటెతో సహా మొత్తం వాళ్ళ అన్నగారి ఊరికి పంపించేశారు.

తరవాత భ్రమరాంబ రోజూ క్యారేజీ కట్టి పైకి తీసుకెళ్ళేది. హైమ తీసుకునేది. తీసుకుని, పెద్దాయనకి పెట్టి, గిన్నెలు శుభ్రంగా తోమి తిరిగిచ్చేది. ఒక్క మాట ఉండేది కాదు. నలభై రోజులకి భ్రమరాంబ ఇంక భరించలేక మానేసింది. ఆ ఏడాదే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

మరి నువ్వో అంటావు, అవునా సంహితా? సుత్తి డబ్బా కనపడకుండా మంచం కిందకి తోసేశాను. తోసినా అక్కడే ఉందని తెలుస్తూనే ఉండేది. మూడు వారాలు చూసి, ఒకరోజు పైకి వెళ్ళాను. హైమ మిషను కుడుతోంది, చిటికెనవేలికి ఇంకా కట్టు ఉంది. నిలబడే చెప్పేశాను. ఆరోజు సుత్తి ఉందమ్మా హైమా, లేదని అబద్ధమాడాను అని.

హైమ మిషను ఆపింది. "తెలుసు పిన్నిగారూ" అంది. "పోయిన దసరాకి మా గడియారానికి మేకు కొట్టుకోవడానికి మీ దగ్గరే తీసుకెళ్ళాను కదా. ఉందని తెలిసే మీ తలుపు కొట్టాను."

ఏం చెప్పమంటారర్రా. నేనేం చెయ్యగలనమ్మా అని అడిగాను. ఆవిడ కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టింది. "రోజూ మూడింటికి వచ్చి మావయ్యగారి దగ్గర కూర్చోండి. ఆయనకి మనుషులు మాట్లాడుతుంటే వినడం ఇష్టం. నాకు ఇప్పుడు మాటలు రావడం లేదు" అంది.

అప్పటినుంచీ వెళుతున్నాను. ఆరేళ్ళయింది. పేపరు చదివి వినిపిస్తాను, ఊళ్ళో సంగతులు చెబుతాను. ఆయన ఎడంచేత్తో మంచినీళ్ళు తాగుతూ వింటారు. ఒక్కోసారి ఏదో అనబోయి, రాక, గోడ వైపు తిరిగిపోతారు. అప్పుడు నేనూ ఊరుకుంటాను.

క్షమించిందా అంటే నాకు తెలియదే తల్లీ. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. టీ మాత్రం ఇస్తుంది.

మీరూ రేపు పెద్దయ్యాక ఇలాంటి ఇళ్ళల్లోనే ఉంటారు, గోడకి గోడ, గుమ్మానికి గుమ్మం. ఎవరైనా తలుపు కొట్టి ఏదైనా అడిగితే, ముందు తలుపు పూర్తిగా తియ్యండి. ఉన్నది ఉందని చెప్పండి. పక్కవాళ్ళు ఏమనుకుంటారో తరవాత చూసుకోవచ్చు.

హవీష్ ఊ కొట్టడం మానేశాడు, పడుకున్నాడు. నువ్వూ కళ్ళు మూసుకో. కథని కంచి బండెక్కించేశాం, మనం దుప్పట్లోకి దూరేశాం. పడుకో అమ్మా. నాకు ఇంకాసేపు పడుతుంది.